వెనక గుమ్మం దగ్గర చివరి మనిషి

ముప్పై మంది చూస్తుండగా ఒక మహానటుడి మొహం మీదే “మీరు ఆయన కాదు” అనేసిన మనిషి, ఇప్పుడు పోలీస్ స్టేషన్ బెంచీ మీద బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. పేరు అడిగితే చెప్పింది, పని అడిగితే లాండ్రీలో ఇస్త్రీ అని చెప్పింది. అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి నోరు కుట్టేసుకుంది.

ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నావిడని డిపార్ట్‌మెంటులో ఒకప్పుడు అందరూ పిన్ని అనేవారు. ఉద్యోగం వదిలేసి ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు పెట్టుకున్నా ఆ పిలుపు మాత్రం ఆవిడని వదల్లేదు. ఊరందరికీ పిన్నే, ఇంటికి వెళ్తే తలుపు తీసే దిక్కు లేదు. ఎదుటివాడు ఆవులిస్తే పేగులు లెక్కపెడుతుందని పేరు. ఆ పేరుకి దొంగలు జడిశారో లేదో గాని, చుట్టాలు మాత్రం రావడం మానేశారు.

కేసు చూడబోతే అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుంది. అలాంటి కేసులంటేనే పిన్నికి ఒళ్ళుమంట. ఆ థియేటర్లో రెండేళ్ళుగా ఒకే నాటకం ఆడుతోంది. ముసలి రాజు వేషం పెద్దాయనది. మధ్యాహ్నం ఆట అయిపోగానే అభిమానులు వెనక గుమ్మం దగ్గర వరస కడతారు. పెద్దాయన మెరూన్ శాలువా గడ్డం దాకా చుట్టుకుని, టోపీ, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి సంతకాలు పెడతాడు. ఈ ఇస్త్రీ మనిషి ఎప్పుడూ వరసకి చివర నిలబడేది కాబట్టి తక్కిన అభిమానులు ఆవిడకి ‘చివరావిడ’ అని పేరు పెట్టారు.

మొన్న ఆవిడ వంతు వచ్చినప్పుడు, చాచిన కాగితం వెనక్కి లాక్కుని ఆ మాట అంది. జనం గొల్లుమన్నారు. పెద్దాయన కిక్కురుమనకుండా లోపలికి వెళ్ళిపోయాడు. కాసేపటికి సందు మలుపులో, పైనున్న మేకప్ గదుల నుంచి కిందికి దిగే ఇనప మెట్ల మొదట్లో, అదే శాలువాతో మొహం పచ్చడై పడి ఉన్నాడు. ఆయన తల చివరావిడ ఒళ్ళో ఉంది. తోసింది ఆవిడేనని పోలీసులు అరెస్టు చేశారు. ఆయనకి ఇప్పటిదాకా స్పృహ లేదు. ప్రాణం పోతే అది హత్య కేసవుతుంది. ఆవిడ బతుకంతా జైల్లో తెల్లవారుతుంది. లాండ్రీ యజమానురాలు వచ్చి, మా మనిషి చీమకి కూడా అపకారం చెయ్యదమ్మా అని మొత్తుకుంటే పిన్ని ఈ కేసు ఒప్పుకుంది.

నాటకం ఎన్నిసార్లు చూశావని అడిగింది పిన్ని. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఒక్కసారి కూడా చూడలేదట.

పిన్ని కుర్చీలో ముందుకి జరిగింది. చూడని నాటకానికి రెండేళ్ళుగా వెనక గుమ్మం దగ్గర కాపలా ఏమిటి? ఆ మాట అడిగి, ఇక నోరు మూసుకుని ఊరుకుంది. పిన్నికి తెలిసిన విద్య అదొక్కటే. అడగాల్సింది అడిగి ఊరుకుంటే, ఆ నిశ్శబ్దం భరించలేక ఎంతటివాడైనా మాట్లాడతాడు.

చివరావిడ మెల్లిగా మొదలుపెట్టింది. పొద్దున్నించీ నిలబడి ఇస్త్రీ చేసే మనిషి చీకటి హాల్లో కూర్చుంటే నిద్రే గాని నాటకం ఏం చూస్తుంది? మొదటిరోజు వానకి ఆ గుమ్మం ముందున్న రేకు కింద నిలబడింది. చుట్టూ వరస కట్టారు. ఏం జరుగుతోందో తెలిసేలోపు ఆయన ఎదురుగా వచ్చాడు. ఇవ్వడానికి పుస్తకం లేక చేతిలో ఉన్న లాండ్రీ చీటీ ఇచ్చింది.

“సంతకం పెట్టి నా మొహం చూశారు. తిన్నారా అని అడిగారు. అడిగి, నేను జవాబు చెప్పేదాకా ఆగారు. లేదండీ అన్నాను. తినండి అన్నారు. అంతేనండి. మర్నాడు తిని వెళ్ళాను, తిన్నానని చెబుదామని.”

“తర్వాత?”

“రోజూ అడిగేవారు. నేను చెప్పేవరకూ కదిలేవారు కాదు. గదికి వెళ్తే నన్ను అడిగే మనిషి ఎవరున్నారండీ?” ఇంతలో ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తింది. “మీరు తిన్నారా?”

పిన్ని అలవాటుగా ఆఁ ఆఁ అనబోయింది. చివరావిడ ఆగి, కళ్ళల్లోకి చూస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున్న వంటగదిలో గట్టు దగ్గర నిలబడి తిన్న రెండు బిస్కెట్లు తప్ప ఏమీ లేదని. లేదని చెప్పింది.  మళ్ళీ తనమీద తనకే విసుగొచ్చి, మరి మొన్న ఏం జరిగిందో చెప్పమంది.

“మొన్న వచ్చినాయన కాగితం చూశారు, నన్ను చూడలేదు. వంగినప్పుడు శాలువా జారింది. దవడ పొడుగునా ఎర్రగా దద్దురు. ఆయన దవడ నున్నగా ఉంటుందండి. అందుకే మీరు ఆయన కాదన్నాను. ఇంటికి పోదామని సందులో నడుస్తుంటే మెట్ల మీద దడదడమని చప్పుడు. పరిగెత్తి చూస్తే ఆయన.”

“ఏ ఆయన?”

“అసలాయన. గుమ్మం దగ్గరికి వచ్చింది వేరే మనిషి, మెట్ల కింద పడింది వేరే మనిషి. ఈ మాటే చెబితే ఇక్కడ అందరూ నవ్వారు. అందుకే చెప్పడం మానేశాను.”

గుమ్మంలోంచి ఈసారి కూడా ఒక నవ్వు వినిపించింది. అక్కడ ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు పిన్ని దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు గురువుకే పంగనామాలు పెట్టే స్థాయికి ఎదిగాడు.

“విన్నారుగా పిన్నిగారూ. ముప్పై మంది సాక్షులు పెద్దాయనే వచ్చాడంటున్నారు. నాటకమే చూడని మనిషి ఆయన కాదంటోంది. పిచ్చి కాకపోతే ఏమిటి?”

“ముప్పై మంది చూసింది శాలువాని, టోపీని. ఈవిడ ఒక్కర్తే మనిషిని చూసింది. ఆస్పత్రిలో ఉన్నది పెద్దాయనేనని గుర్తుపట్టింది ఎవరు?”

ఆయనకి పెళ్ళాం బిడ్డలు లేరని, మొహం వాచిపోయి కట్లలో ఉందని, అందుకని కంపెనీ తరఫున స్టెప్నీ రాజు వేషంలోనే వచ్చి గుర్తుపట్టాడని ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. పెద్దాయనకి ఒంట్లో బాగోకపోతే ఆ వేషం కట్టడానికి అదే ఒడ్డూ పొడుగూ ఉన్న నటుడొకణ్ణి కంపెనీ సిద్ధంగా ఉంచుకుంది. నాటకం వాళ్ళంతా అతన్ని స్టెప్నీ అంటారు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా స్టేజీ ఎక్కే అవకాశం రాలేదు. నిన్నటి నుంచి రాజు వేషం అతనిదే. చూసినవాళ్ళు అచ్చం పెద్దాయనే అంటున్నారట.

నక్కతోక తొక్కాడన్నమాట అంది పిన్ని. ఇన్‌స్పెక్టర్ దానికి నవ్వలేదు. పత్రికలవాళ్ళకి కేసు తేల్చేశానని చెప్పుకున్నానని, ఇప్పుడు కెలికి తన పరువు తియ్యొద్దని చెప్పి వెళ్ళిపోయాడు.

పిన్నికి ఆస్పత్రి మంచం గుర్తొచ్చింది. పొద్దున్నే ఆస్పత్రికి వెళ్ళి వచ్చింది. పెద్దాయన పేరుమీద వచ్చిన పూలగుత్తులతో వరండా నిండిపోయింది. మంచం పక్కన మాత్రం ఖాళీ కుర్చీ. నడినెత్తి నుంచి ముక్కు దాకా కట్లు. కింద కనిపిస్తున్నది దవడ ఒక్కటే. నున్నగా, మచ్చ లేకుండా ఉంది.

థియేటర్లో మేనేజరు పిన్నిని మెట్లెక్కించి మేకప్ గదికి తీసుకెళ్ళాడు. నోట్లో మాట ఆగని మనిషి. ఆయన చెప్పేదంతా ఫిర్యాదే. గడ్డానికి ఎలాస్టిక్ పెట్టి చెవులకి తగిలించుకోవచ్చు కదా, పెద్దాయన వినేవాడు కాదు. రోజూ జిగురుతో అంటించుకోవడం, రోజూ పీక్కోవడం. దవడంతా దద్దుర్లు, మందు రాసినా మానేవి కావు. ఇప్పుడీ స్టెప్నీ అంతకన్నా ఘనుడు. వేషం దొరికిందో లేదో, పాత్రలోంచి బయటకి రానంటూ రెండు రోజులుగా గడ్డమే తియ్యడం లేదు. గదిలోనే పడక, గదిలోనే తిండి, తలుపుకి గడియ. అదృష్టం పట్టగానే అందరికీ కొమ్ములు మొలుస్తాయని మేనేజరు నిట్టూర్చాడు.

స్టెప్నీ కోసం ఎవరైనా వచ్చారా అని అడిగింది పిన్ని. అతనికెవరున్నారు, అనాథ ముండాకొడుకు అన్నాడు మేనేజరు.

అప్పుడు ‘స్టెప్నీ’ స్టేజీ మీద ఏదో సరిచూసుకుంటున్నాడు, గది ఖాళీగా ఉంది. పిన్ని నేరుగా అద్దం దగ్గరికి వెళ్ళలేదు. అద్దం ముందు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళింది. అద్దం ముందుండాల్సిన కుర్చీ కిటికీ పక్కన ఉంది. కిటికీ గట్టు మీద చెక్కలోకి ఇంకిపోయిన టీ మరకలు, ఒకదాని మీద ఒకటి గుండ్రంగా. తొంగి చూస్తే, సరిగ్గా కింద వెనక గుమ్మం. అభిమానులు నిలబడే చోటు. ఇక్కడ కూర్చుంటే కింద మాట్లాడే ప్రతి మాటా వినిపిస్తుంది.

కుర్చీ కిటికీ దగ్గరెందుకుందని అడిగితే మేనేజరు వెలుతురు కోసమన్నాడు. ఆట అయ్యాక గడ్డం తియ్యడానికి పెద్దాయనకి చాలాసేపు పట్టేదట. ఆయన ఎలా సర్దుకునేవాడో గాని, తెర పడిన కాసేపటికే కింద సంతకాలు పెడుతూ కనిపించేవాడట.

పిన్ని కిటికీలోంచి చెయ్యి బయటకి చాచి, అంచు కిందున్న రేకు మీద తడిమింది. చేతికి గట్టిపడ్డ దూది ఉండలు తగిలాయి. జిగురు తుడిచి పారేసిన దూది. కొత్తవి, పాతవి, వానకి నల్లబడినవి. రేకు నిండా అవే. అంటే కింద సంతకాలు జరుగుతున్నంతసేపూ పెద్దాయన ఇక్కడ ఈ కుర్చీలో కూర్చుని గడ్డం పీక్కుంటున్నాడు. ఇలా రెండేళ్ళుగా కింద తన పేరుతో పిలుస్తుంటే పైన కూర్చుని విన్నాడు.

మరి ఆ శాలువాలో కిందికి వెళ్ళింది ఎవరో పిన్నికి ఎవరూ చెప్పక్కర్లేదు. అదే ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి ఆ కంపెనీలో ఒక్కడే ఉన్నాడు. స్టేజీ ఎక్కనివ్వని నటుడికి దొరికిన జనం ఆ గుమ్మం దగ్గరి ముప్పై మందే. వాళ్ళు కూడా పిలిచేది వేరొకరి పేరు పెట్టి.

ఇంతలో తలుపు తెరుచుకుంది. నిలువెత్తు మనిషి, బొడ్డు దాకా తెల్లటి గడ్డం, చేతిలో టీ కప్పు. పిన్నిని చూసి ఒక్క క్షణం తడబడ్డాడు గాని, మర్యాదగా నమస్కారం పెట్టాడు. పెద్దాయన నాకు దైవసమానుడండీ అన్నాడు. గుమ్మం దగ్గరికి రోజూ వెళ్ళేది ఎవరని పిన్ని అడిగితే, ఇంకెవరు, ఆయనే అన్నాడు. ఈ గదిలోకి మీరు ఎప్పుడైనా వచ్చేవారా అంటే, నిన్ననే మొదటిసారి అడుగు పెట్టానన్నాడు. గొంతులో ఎక్కడా వణుకు లేదు, కంటతడి పెట్టాల్సిన చోట పెట్టాడు. మంచి నటుడు.

మాట్లాడుతూనే రెండడుగులు వెనక్కి వేసి, తల తిప్పకుండా, చూడకుండా, టీ కప్పుని కిటికీ గట్టు మీద పెట్టాడు. కప్పు వెళ్ళి సరిగ్గా ఆ పాత మరకల మీదే కూర్చుంది.

పిన్ని ఆ కప్పు వంక చూడనట్టే ఊరుకుంది. కిందికి దిగాక ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసి, ఆట అయ్యేసరికి చివరావిడని తీసుకుని వెనక గుమ్మానికి రమ్మంది. అతను కుదరదన్నాడు. ఆస్పత్రిలో ఉన్నాయన దవడ చూశావా అని అడిగింది. చూడలేదన్నాడు. రోజూ జిగురు పీక్కునేవాడి దవడ రెండు రోజుల్లో పసివాడి బుగ్గలా ఎలా అయిందో ఒక్కసారి వెళ్ళి చూసి, అప్పటికీ కుదరదంటే మానెయ్యమంది.  పరువు సంగతి అతనికి ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు. తప్పు మనిషిని జైల్లో పెట్టానని రేపు పత్రికల్లో వస్తే ఆ పరువే మంటగలుస్తుంది.

ఆట ముగిసేసరికి సందు కిక్కిరిసిపోయింది. పెద్దాయన రోజుల్లో కూడా అంత జనం లేరు. పోలీసు మనుషులు మామూలు బట్టల్లో గోడవారగా నిలబడ్డారు. చివరావిడ తన అలవాటు చొప్పున వరసకి చివర నిలబడింది. చేతిలో లాండ్రీ చీటీ. వెనక పిన్ని, ఆ వెనక మొహం మాడ్చుకుని ఇన్‌స్పెక్టర్. ఆస్పత్రికి వెళ్ళి వచ్చినట్టున్నాడు, ఈసారి నవ్వలేదు.

తలుపు తెరుచుకుంది. రాజు వేషంలోనే, గడ్డంతోనే, భుజాన కొత్త శాలువాతో అతను బయటకి వచ్చాడు. జనం ఈలలు వేశారు. ఒక్కొక్కరి పుస్తకం అందుకుని సంతకం పెడుతున్నాడు. ఆ కళ్ళల్లో వెలుగు నటన కాదని పిన్నికి అర్థమైంది. ఆకలిగా ఉన్నవాడి ముందు విస్తరి వేసినట్టుంది అతని వాలకం. అది చూసి పిన్నికి జాలి కూడా వేసింది.

చివరికి వచ్చేసరికి అతని చెయ్యి గాల్లోనే ఆగింది. జైల్లో ఉండాల్సిన మనిషి ఎదురుగా ఉంది. కానీ ఎంతైనా నటుడు. వెంటనే తేరుకుని చీటీ అందుకున్నాడు. సంతకం పెట్టాడు. వంగి, మెత్తటి గొంతుతో అడిగాడు.

“తిన్నారా?”

అదే గొంతు. అదే పలుకు. రెండేళ్ళు కిటికీలోంచి విని విని వంటబట్టించుకున్న మాట. చివరావిడ మొహం ఒక్కసారిగా విప్పారింది, పెదవులు కదిలాయి. అప్పటికే అతను చీటీ చేతిలో పెట్టేసి, పక్కనెవరో చాచిన పుస్తకం వైపు తిరిగిపోయాడు.

విప్పారిన మొహం అలాగే వాడిపోయింది. 

“ఆయన ఆగేవారు. నేను చెప్పేదాకా ఆగేవారు. మొన్న వచ్చింది ఈయనేనండి” అంది చివరావిడ.

పిన్ని ముందుకి వచ్చింది. “గడ్డం తీయండి, పెద్దాయనా.”

 అతను నవ్వబోయాడు. తను పెద్దాయన కాదని అనబోయి జనం వంక చూశాడు. ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్ళి చెయ్యి వేయబోతే, అక్కర్లేదన్నట్టు తల ఊపి, తనే గడ్డం అంచు పట్టుకుని లాగాడు. దవడ పొడుగునా పచ్చిపుండులా ఎర్రటి చార. ముందు వరసలో ఎవరో ఆయన పేరు పలికారు. రెండేళ్ళ తర్వాత ఆ గుమ్మం దగ్గర ఆ పేరుకి, మొహం దాచుకోకుండా, అసలు మనిషే తలెత్తాడు.

జనం అంటే తనకి భయమని, అందుకే స్టెప్నీని పంపేవాణ్ణని చెప్పాడు. మొదట్లో నవ్వుకునేవాణ్ణన్నాడు. తర్వాత్తర్వాత టీ చల్లారిపోయినా కిటికీ వదిలి లేవలేకపోయేవాణ్ణన్నాడు.

“అరిచేది నా పేరు. నేను పైనున్నాను. ఎలా ఉంటుందో మీకు తెలుసా? మొన్న ధైర్యం చేసి నేనే దిగాను. ఈవిడ నన్ను కాదు పొమ్మంది. పైకి వెళ్ళి శాలువా వాడి మొహాన కొట్టాను. వాడు అది కప్పుకుని, పాపం ఆవిడ బాధపడి ఉంటుంది, సర్దిచెప్పి వస్తానని మెట్ల వైపు పరిగెత్తాడు. చొక్కా పట్టుకుని లాగాను.” ఆగిపోయాడు. పిన్ని ఏమీ అనకుండా చూస్తూ నిలబడింది. ఆ నిశ్శబ్దాన్ని అతను కూడా ఎంతోసేపు మొయ్యలేకపోయాడు. “లాగలేదు. తోశాను. కింద పడ్డవాడే నేనని అందరూ అనుకున్నారు. నేను వాడినైపోతే నన్నూ అలాగే ఇష్టపడతారనుకున్నాను.”

ఇన్‌స్పెక్టర్ ఆయన్ని జీపు వైపు నడిపించాడు.  చివరావిడ మీదున్న కాపలా అప్పుడే తీసేశారు. జనం ఒక్కొక్కరే పుస్తకాలు మూసుకుని జారుకున్నారు. చూస్తుండగానే సందు ఖాళీ అయిపోయింది.

చివరావిడ మాత్రం కదల్లేదు. పిన్ని పక్కకి వచ్చి, ఇంటి దగ్గర దింపమంటావా అని అడిగింది.

“ఆస్పత్రిలోకి నన్ను రానిస్తారా?”

వరండా నిండా ఉన్న పూలగుత్తుల్లో ఒక్కటీ స్టెప్నీ పేరుమీద లేదన్న సంగతి పిన్నికి గుర్తొచ్చింది. మంచం పక్కన ఖాళీ కుర్చీ కూడా. రానిస్తారని చెప్పింది. కానీ మాట దాచలేదు. ఆయనకి స్పృహ లేదని, వస్తుందో రాదో డాక్టర్లే చెప్పలేకపోతున్నారని, వెళ్ళి పలకరించినా పలికే స్థితిలో లేడని చెప్పింది.

“రెండు రోజుల్నుంచి ఆయన్ని తిన్నారా అని అడిగినవాళ్ళు ఉండి ఉండరు. అడుగుతానండి.”

“ఆయన జవాబు చెప్పలేరమ్మా.”

చివరావిడ లాండ్రీ చీటీ మడిచి కొంగున ముడి వేసుకుంది.

“ఫరవాలేదండి. ఆగుతాను.”